పంట వచ్చాక కడతామంటే.. స్కోరు ఆగదు!
బ్యాంకు కొలువు కోరుకునేవారు ఇప్పుడే చూసుకోవాల్సిన రికార్డు

బ్యాంకు ఉద్యోగమే లక్ష్యంగా గుంటూరు, నరసరావుపేట, ఒంగోలులో గదులు అద్దెకు తీసుకుని చదివేవాళ్లు చాలామందే. ప్రిలిమ్స్, మెయిన్స్ గట్టెక్కితే చాలనుకుంటారు. కానీ ఆ తర్వాత ఇంకో పరీక్ష ఉంది. దానికి సిలబస్ లేదు, హాల్‌టికెట్ రాదు. మీ పాన్ నంబరు కొడితే కనిపించే అప్పుల చరిత్రే ఆ పరీక్ష. బైక్ ఈఎంఐ, ఫోన్ కోసం తీసుకున్న చిన్న లోను, మర్చిపోయిన క్రెడిట్ కార్డు బాకీ, ఎడ్యుకేషన్ లోను.. అన్నీ అందులో ఉంటాయి. ‘ఫలితాలు వచ్చాక చూద్దాంలే’ అనుకుంటే అప్పటికి ఆలస్యమైపోవచ్చు.

నోటిఫికేషన్‌లో ఏముంది?

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో పీఓ, క్లర్కు స్థాయి పోస్టులకు ఐబీపీఎస్ ఇచ్చే ప్రకటనల్లో చాలామంది చదవకుండా వదిలేసే షరతు ఒకటుంది. ఉద్యోగంలో చేరే నాటికి అభ్యర్థికి మంచి రుణ చరిత్ర ఉండాలి. రికార్డులో బాకీలు కనిపిస్తుంటే దాన్ని సరిచేయించుకోవాలి. లేదంటే ‘ఈ ఖాతాలో బాకీ లేదు’ అని అప్పు ఇచ్చిన సంస్థ నుంచి ఎన్‌ఓసీ తెచ్చివ్వాలి. రెండూ లేకపోతే ఆఫర్ లెటర్‌ను వెనక్కి తీసుకోవచ్చు. ఎస్‌బీఐ సొంతంగా ఇచ్చే ప్రకటనల్లోనూ ఇలాంటి నిబంధన ఉంటుంది.

ఇదేదో కాగితం మీది మాట అనుకోవద్దు. ఎస్‌బీఐలో ఆఫీసరు పోస్టుకు ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని సిబిల్ రికార్డు బాగాలేదని బ్యాంకు రద్దు చేసింది. అప్పులన్నీ తీర్చేశానని ఆయన మద్రాస్ హైకోర్టుకు వెళ్లారు. 2025 జూన్‌లో కోర్టు బ్యాంకు నిర్ణయాన్నే సమర్థించింది. ప్రజల డబ్బుతో పనిచేసేవారికి ఆర్థిక క్రమశిక్షణ తప్పనిసరన్నది కోర్టు మాట. అంటే అప్పు తీర్చడం ఒక్కటే సరిపోదు, ఎలా తీర్చారన్నదీ చూస్తారు.

ఇప్పటిదాకా ఒక్క అప్పూ తీసుకోలేదా? కంగారొద్దు. చరిత్రే లేకపోవడం వేరు, చెడ్డ చరిత్ర ఉండటం వేరు. బ్యాంకు పరీక్ష కోసమని లేని అప్పు చేయాల్సిన పనిలేదు.

ఊరి లెక్క వేరు.. బ్యూరో లెక్క వేరు

మన పత్తి, మిర్చి పల్లెల్లో డబ్బు నెలనెలా రాదు. పత్తి తీతలప్పుడు కొంత, మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు వెళ్లాక కొంత. ధర లేకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీకి వెళ్తుంది, డబ్బు ఇంకా వెనక్కిపోతుంది. 2025 ఆరంభంలో మిర్చి ధర పడిపోయి, మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 చొప్పున కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది ఇంట్లో ఎవరి చేతిలోనూ డబ్బాడదు. అయినా పురుగుమందుల కొట్టు ఆయన ఆగుతాడు, కమీషన్ వ్యాపారి ఆగుతాడు. ‘పంట రాగానే ఇస్తాం’ అన్న మాటకు ఊళ్లో విలువుంది.

బ్యాంకు నిబంధనలు కూడా ఈ సంగతిని కొంత గుర్తించాయి. స్వల్పకాలిక పంటలకిచ్చిన రుణం గడువు దాటాక రెండు పంట కాలాలు గడిస్తేనే మొండి బకాయి అవుతుంది. కానీ ఆ వెసులుబాటు పంట రుణానికే. మీ బైక్ లోను, పర్సనల్ లోను, ఎడ్యుకేషన్ లోను 90 రోజులు దాటితే మొండి బకాయే. అంతకుముందే, గడువు ఎన్ని రోజులు దాటిందో రికార్డుకెక్కుతుంది. నాన్న పంట డబ్బుతో మీ ఈఎంఐ కడదామనుకోవడంలో ఉన్న చిక్కు ఇదే. ఇంట్లో అందరిదీ నిజాయతీయే, రికార్డులో మాత్రం మీరు ఎగవేతదారు.

అందుకే ఈఎంఐ మీద ఏదైనా కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘ఆగస్టు, సెప్టెంబరుల్లో చేను మీద పెట్టుబడి పెట్టే రోజుల్లో ఈ వాయిదా ఎవరు కడతారు?’ జవాబు లేకపోతే కొనొద్దు. తప్పనిసరైతే పంట డబ్బు వచ్చినప్పుడే ఆరు నెలల వాయిదాల మొత్తాన్ని విడిగా ఒక ఖాతాలో వేసి, ఆటో డెబిట్ పెట్టుకోండి.

ప్రిపరేషన్‌లో ఉండగానే గడువు తీరితే..

ఎడ్యుకేషన్ లోను తీసుకున్నవారికి సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఇంకో ఏడాది వరకు వాయిదాలు ఉండవు. ఆ తర్వాత ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఈఎంఐ మొదలవుతుంది. డిగ్రీ, బీటెక్ అయ్యాక రెండు మూడేళ్లు పోటీ పరీక్షలకు చదివేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. బ్యాంకు ఉద్యోగం కోసం చదువుతూ, కట్టని లోను వల్ల అదే ఉద్యోగాన్ని దూరం చేసుకుంటారు.

గడువు తీరే మూడు నెలల ముందే బ్రాంచికి వెళ్లండి. ఉద్యోగం రాలేదని రాతపూర్వకంగా చెప్పి, వాయిదాల కాలం పెంచమని లేదా మొత్తం తగ్గించమని అడగండి. అడిగినవన్నీ ఇస్తారని కాదు. కానీ బాకీ పడకముందు అడిగినవారికి ఉండే దారులు, పడ్డాక అడిగినవారికి ఉండవు. ఇంకో మాట: ఈ లోనులో అసలు రుణగ్రహీత మీరే, నాన్న సహ రుణగ్రహీత. వాయిదా తప్పితే ఇద్దరి రికార్డూ పాడవుతుంది.

మీ రిపోర్టు మీరే చూడండి

మన దేశంలో రుణ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోదాని నుంచీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా పొందే హక్కు మీకుంది. వాటి సొంత వెబ్‌సైట్లలోనే తీసుకోండి. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే మంచిదిగా లెక్క. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

స్కోరు అంకె చూసి మూసేయకండి. ఈ మూడూ వెతకండి:

• మీవి కాని ఖాతాలు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా రాసే అలవాటు మనది. ఒకే పేరున్న ఇద్దరి వివరాలు కలిసిపోయే అవకాశం ఉంటుంది. పేరు, పుట్టినతేదీ, పాన్ సరిచూడండి.

• తీరిపోయినా ఇంకా తెరిచే ఉన్న ఖాతాలు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. పాత బ్యాంకు లోనుకు కాగితం కావాలంటే ఇప్పుడున్న బ్యాంకునే అడగాలి.

• ‘సెటిల్డ్’, ‘రిటన్ ఆఫ్’ అన్న మాటలు. వీటి సంగతి కింద చూద్దాం.

తప్పు వాళ్లదైతే..

ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ‘డిస్ప్యూట్’ నమోదు చేయండి. అప్పు ఇచ్చిన బ్యాంకుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు దాచుకోండి. 30 రోజుల్లో పరిష్కరించాలి. అది దాటితే రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలిక లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

బాకీ మనదైతే..

రికవరీ ఏజెంటు ఫోన్ చేసి ‘20 వేల బాకీకి 8 వేలు కట్టు, క్లోజ్ చేస్తాం’ అంటే ప్రాణం లేచొస్తుంది. జాగ్రత్త! అలా తగ్గించి కడితే రిపోర్టులో పడేది ‘క్లోజ్డ్’ కాదు, ‘సెటిల్డ్’. ఒప్పుకున్నంత కట్టలేదని దాని అర్థం. ఉద్యోగమిచ్చే బ్యాంకు కంటికి అది మచ్చే. వీలైనంతవరకు పూర్తి మొత్తం కట్టి ఎన్‌ఓసీ తీసుకోండి. ఇప్పటికే సెటిల్ చేసుకుని ఉంటే, మిగిలిన సొమ్ము కడతాను, ‘క్లోజ్డ్’గా మార్పించండని సంస్థకు రాయండి. డబ్బు మాత్రం ఏజెంటు చేతికో, ఫోన్‌పే నంబరుకో కాకుండా నేరుగా లోను ఖాతాకే కట్టండి.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు 15 రోజులకోసారి వివరాలు పంపాలన్న నిబంధన 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. కాబట్టి కట్టిన సంగతి రికార్డులోకి ఇదివరకటికంటే త్వరగానే చేరుతుంది. స్కోరు మాత్రం ఒక్కరోజులో లేవదు. వరసగా కొన్ని నెలలు ఏ వాయిదా తప్పకుండా కట్టడమే మందు. క్రెడిట్ కార్డు ఉంటే పరిమితిలో 30 శాతం లోపే వాడండి. ‘కనీస మొత్తం’ కాకుండా బిల్లంతా కట్టండి. ఒకేసారి నాలుగైదు యాప్‌లలో లోనుకు దరఖాస్తు చేయకండి, ప్రతి దరఖాస్తూ రిపోర్టులో కనిపిస్తుంది. స్నేహితుడి లోనుకు హామీ సంతకం పెడితే వాడు ఎగ్గొట్టినా మచ్చ మీ మీదా పడుతుంది. ‘వారంలో స్కోరు పెంచుతాం, 5 వేలివ్వండి’ అనేవాళ్లను నమ్మకండి. నిజంగా ఉన్న బాకీని ఎవరూ చెరిపేయలేరు. తప్పుగా ఉన్నదాన్ని మీరే పైసా ఖర్చు లేకుండా దిద్దించుకోవచ్చు.

నోటిఫికేషన్‌కు, నియామక పత్రానికి మధ్య నెలలు పడుతుంది. దిద్దుబాటుకు ఆ సమయం సరిపోతుంది, కానీ మొదటిరోజే మొదలుపెడితేనే. ఈసారి దరఖాస్తుకు ఫొటో, సంతకం స్కాన్ చేసిన రోజే రిపోర్టు కూడా తీసి అదే ఫైల్లో పెట్టుకోండి.