వెనకడుగే ముందుచూపు

కారును తిన్నగా దూర్చి నిలపాలా, వెనక్కి నడిపి నిలపాలా? ఫ్యాక్టరీ గేటు లోపల ఒక అలవాటు, బజారులో ఇంకొకటి. జంషెడ్పూర్‌లో ఈ రెండూ పక్కపక్కనే కనబడతాయి.

బిస్టుపూర్ మెయిన్ రోడ్డు మీద సాయంత్రం ఓ పది నిమిషాలు నిలబడితే కారు నడిపేవాళ్ల మనస్తత్వం సగం అర్థమైపోతుంది. ఖాళీ కనబడగానే కారు ముక్కు అందులో దూరుతుంది. ఇంజను ఆగుతుంది, తలుపులు టపటపా పడతాయి, కుటుంబం బజారులోకి వెళ్లిపోతుంది. అంతా అర నిమిషం పని. అసలు కథ గంట తర్వాత మొదలవుతుంది. చేతినిండా సంచులతో తిరిగొచ్చిన యజమాని ఇప్పుడు బండిని వెనక్కి తీయాలి. వెనక స్కూటర్లు, ఆటోలు, సైకిళ్లు, కారు కదులుతోందన్న సంగతే పట్టని జనం. పార్కింగ్ కుర్రాడు డిక్కీ మీద అరచేత్తో చరుస్తూ ‘ఆనే దో, ఆనే దో’ అంటాడు. అంతలోనే ‘బస్, బస్’ అని అరుస్తాడు. మొదటి ‘బస్’కే బ్రేకు పడితే అదృష్టం.

ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ఉక్కు కర్మాగారంలో దృశ్యం వేరు. టాటా స్టీల్ వంటి భారీ పరిశ్రమల్లో రివర్స్ పార్కింగ్ భద్రతా క్రమశిక్షణలో భాగం. హెల్మెట్ పెట్టుకోవడం, సీటు బెల్టు బిగించుకోవడం ఎలాగో ఇదీ అలాగే. కార్లన్నీ ముక్కు బయటివైపు తిప్పుకుని వరుసగా నిలబడి ఉంటాయి. చమురు, రసాయన సంస్థల్లోనూ ప్రపంచమంతటా ఇదే పద్ధతి. ప్రమాద ఘంటిక మోగినప్పుడు వందలాది మంది ఒకేసారి బండ్లు వెనక్కి తీయడం మొదలుపెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. తిన్నగా బయటికి పోగలిగితే సగం గందరగోళం తప్పుతుంది.

విచిత్రమేమిటంటే ఉదయం అలా బుద్ధిగా నిలబడిన కార్లలో కొన్ని సాయంత్రం బిస్టుపూర్‌లో ముక్కు దూర్చి నిలబడతాయి. డ్రైవరు అతనే, చెయ్యి అదే. అడిగేవాడు లేకపోవడమొక్కటే తేడా.

చేతకాక అలా చేస్తున్నారనడానికి వీల్లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం లైసెన్సు పరీక్షలోనే బండిని వెనక్కి నడిపి, కుడివైపో ఎడమవైపో ఉన్న ఇరుకు చోటులోకి అదుపు తప్పకుండా చేర్చి చూపించాలి. అంటే చట్టం లెక్కన రివర్స్ పార్కింగ్ లైసెన్సున్న ప్రతివాడికీ వచ్చిన విద్యే. ఆ పరీక్షలు ఎలా జరుగుతాయో తెలిసినవాళ్లు నవ్వుకుంటే అది వేరే సంగతి.

నిజానికి ఇరుకు చోటులోకి వెనక నుంచి వెళ్లడమే తేలిక. చాలామంది నమ్మరు గానీ ఇది చక్రాల లెక్క. కారులో తిరిగేవి ముందు చక్రాలు. వెనక చక్రాలు వాటిని గుడ్డిగా అనుసరిస్తాయి, అదీ మలుపు లోపలి వైపుగా జరిగిపోతూ. అందుకే ముక్కు ముందు పెట్టి మలుపు తిప్పినప్పుడు కారు పక్క భాగం పొరుగు కారు బంపరును రాసుకుంటుంది. వెనక్కి వెళ్లేటప్పుడు కదలని చక్రాలు ముందుగా గడిలో కుదురుకుంటాయి. తిరిగే ముక్కు, ఖాళీగా ఉన్న దారివైపు ఎంత కావాలంటే అంత ఊగుతుంది. మనదేశంలో కారు గడి కొలత సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. చిన్న కారు వెడల్పే దాదాపు 1.7 మీటర్లు. రెండు పక్కలా కలిపి మిగిలేది 80 సెంటీమీటర్లు. అందులోనే తలుపు తెరవాలి, మనిషి దిగాలి. తన పేరుతో వెలిసే ఊళ్లో వెడల్పైన వీధులు, నీడనిచ్చే చెట్లు ఉండాలని జంషెట్జీ టాటా 1902లోనే కొడుకు దొరాబ్జీకి లేఖ రాశారు. ఆయన ఊహకు అందనన్ని కార్లు ఇప్పుడు ఆ వెడల్పును తినేస్తున్నాయి.

మరి ముక్కు దూర్చేవాళ్లకు కారణాలు లేవా? ఉన్నాయి, వాటిని కొట్టిపారేయలేం. కారు ఆపి రివర్సు గేరు వేయగానే వెనక నుంచి హారన్ల మోత మొదలవుతుంది. ఆ మోతలో అద్దాలు చూసుకుంటూ బండి తిప్పే నిబ్బరం అందరికీ ఉండదు. బియ్యం బస్తా, కూరగాయల సంచులు డిక్కీలో పెట్టాలంటే డిక్కీ దారివైపు ఉండాలి గానీ గోడవైపు ఉంటే ఎలా? అపార్టుమెంట్లలో ఇంకో పేచీ. గోడవైపు తిరిగిన పొగ గొట్టం కింది అంతస్తు వాళ్ల పడగ్గది కిటికీకి ఎదురుగా వస్తుంది. ఇక విద్యుత్ కార్లొచ్చాక ఛార్జింగ్ రంధ్రం ఎటుంటే కారు అటు తిరగాల్సిందే. ఎం.జి. జడ్.ఎస్. కారుకది ముక్కు మీదే ఉంటుంది. అన్నట్టు, 2009లో రోడ్డెక్కిన నానోకు డిక్కీ తలుపే లేదు. సామాను వెనక సీటు వంచి లోపలి నుంచే పెట్టుకోవాలి. 2015లో వచ్చిన మోడల్ దాకా అంతే. డిక్కీ గోడవైపు ఉందని బాధపడక్కర్లేని కారు బహుశా అదొక్కటేనేమో.

ఈ ఇష్టాయిష్టాల వెనక దేశాల స్వభావం కూడా ఉందంటారు అమెరికాలోని ఓల్డ్ డొమీనియన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు షావోమిన్ లీ. వివిధ దేశాల్లో పార్కింగ్ స్థలాలను పరిశీలించి 2014లో ఆయన వెల్లడించిన లెక్క ప్రకారం చైనాలో 88 శాతం కార్లు రివర్సులోనే నిలిపి ఉన్నాయి. అమెరికాలో దాదాపు ఆరు శాతం. మనదేశం పాతిక శాతం దగ్గర ఆగింది. ఇప్పటి కష్టాన్ని ఓర్చుకుని రేపటి సుఖం చూసుకునే జాతులే వేగంగా ఎదుగుతాయని ఆయన వాదన. సరదాగా చదువుకోవడానికి బాగుంటుంది గానీ కారు నిలిపే తీరును బట్టి దేశం జాతకం చెప్పడం కాస్త అతిగానే తోస్తుంది. ఉక్కు ఫ్యాక్టరీలో ఒకలా, బజారులో ఇంకోలా నిలిపే జంషెడ్పూర్ డ్రైవరును ఏ జాతి కింద లెక్కకట్టాలి? మరుసటి ఏడు అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ చేసిన సర్వేలో 76 శాతం అమెరికన్లు తాము ఎక్కువగా ముక్కు దూర్చే నిలుపుతామని చెప్పారు. రివర్సులో నిలపడమే మంచిదని ఆ సంస్థ సలహా ఇచ్చింది.

ఆ సలహాకు మూలం చూపు. రెండు పెద్ద కార్ల మధ్య నుంచి వెనక్కి వచ్చే డ్రైవరుకు పక్క నుంచి ఎవరొస్తున్నారో కనబడదు. సీటు తలగడలు, వెనక స్తంభాలు, చిన్న అద్దం, అన్నీ అడ్డే. తోక రోడ్డు మీదకు వచ్చాక గానీ కన్ను రోడ్డును చేరదు. అదే ముక్కుతో బయటికొస్తే ఎదురుగా వెడల్పాటి అద్దం ఉంటుంది. వెనక్కి నడపక తప్పనప్పుడు, జనం తిరిగే దారిలోకి కాకుండా, చూసి వచ్చిన ఖాళీ గడిలోకి నడపడం మేలు. వాదమంతా ఇంతే.

అయితే ఈ వాదానికి ఒక చీకటి అంచు ఉంది. ఫ్యాక్టరీల్లో బోర్డులు పెట్టేవాళ్లు దాన్ని తలచుకోవలసిన అవసరం రాదు, ఎందుకంటే అక్కడ పిల్లలుండరు. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలో పిల్లల వైద్యుడొకరు రాత్రి వేళ తన ఎస్.యు.వి.ని ఇంటి ఆవరణలోకి వెనక్కి నడుపుతున్నారు. అద్దాలన్నీ చూసుకుంటూనే ఉన్నారు. రెండేళ్ల కొడుకు ఇంట్లోంచి బయటికొచ్చిన సంగతి ఆయనకు తెలియదు. ఆ పసివాడి పేరుతోనే 2008లో అమెరికాలో చట్టం వచ్చింది. దాని ఫలితంగా 2018 మే నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరైంది. మనదేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు రివర్స్ సెన్సార్లు తప్పనిసరి చేశారు. అవి కీచుకీచుమని హెచ్చరిస్తాయి, చూపించవు.

గమనించాల్సిందేమిటంటే ఆ తండ్రి చేస్తున్నది భద్రతా నిపుణులు మెచ్చే పనే, రివర్స్ పార్కింగ్. ఫ్యాక్టరీలో, మాల్‌లో, సినిమా హాల్లో ప్రమాదం బయల్దేరేటప్పుడు పొంచి ఉంటుంది. ఇంటి దగ్గర వచ్చేటప్పుడే పొంచి ఉంటుంది. నాన్న కారు చప్పుడు గుర్తుపట్టి పిల్లలు పరుగెత్తుకొచ్చేది అప్పుడే కదా. గేటు లోపల నేర్పిన నియమాన్ని కళ్లు మూసుకుని ఇంటికి తెచ్చుకుంటే చాలదన్నమాట.

ఈ విషయంలో లారీవాళ్లు నయం. 1954 నుంచి లారీలు తయారుచేస్తున్న ఊరిది, ఇక్కడి జనానికి ఆ దృశ్యం కొత్త కాదు. అనుభవమున్న లారీ డ్రైవరు క్లీనరు దిగకుండా బండి వెనక్కి తీయడు. క్లీనరు వెనక నిలబడి, లారీ పక్క భాగాన్ని దబదబా బాదుతూ, నోటితో కేకలేస్తూ దారి చూపిస్తాడు. చప్పుడు ఆగిందంటే బండి ఆగాలి. అతను మిగతా సమయమంతా కునికిపాట్లు పడినా డ్రైవరు పట్టించుకోడు గానీ, రివర్సు వేళ మాత్రం అతనే యజమాని. సొంతకారు నడిపేవాడికి ఆ రెండో జత కళ్లు లేవు. పార్కింగ్ కుర్రాడి చూపేమో సగం తర్వాతి కారు చీటీ మీద ఉంటుంది.

బిస్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వచ్చే తెలుగు కుటుంబాల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడినవాళ్లున్నారు. తాతలు సైకిళ్ల మీద షిఫ్టుకు వెళ్లారు, మనవలు కార్లలో వెళుతున్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఉదయం షిఫ్టు ముగుస్తుంది. ఆ వేళకు బడి నుంచి వచ్చేసిన చిన్నపిల్లలు క్వార్టర్ల ముందు ఆడుకుంటూ ఉంటారు. కారు గేటు ముందు ఆగుతుంది. లోపలి నుంచి ఎవరో వచ్చి గేటు తీస్తారు. తీసిన మనిషి పిల్లవాడిని చంకనేసుకుని పక్కకు జరిగాకే రివర్సు గేరు పడాలి. దానికి కెమెరా అక్కర్లేదు, పట్టే సమయం అర నిమిషం. బజారులో ముక్కు దూర్చి మిగుల్చుకునేదీ అంతే.