విమాన రంగంలో మన పిల్లలు: చేయూత ఎప్పుడు, ఎంతవరకు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌కు వెళ్ళినవారు లేని వాడ కనిపించదు. విమానం ఎక్కడం మనవాళ్ళకు కొత్త కాదు. కానీ విమానం నడపడానికి, దాన్ని మరమ్మతు చేయడానికి ఏం చదవాలో మన ఇళ్ళలో తెలిసినవారు తక్కువ. ఇంటర్ ఎంపీసీ పిల్లలు ఈ చదువుల కోసం సహాయం అడిగినప్పుడు దాతలు తెలుసుకోవలసిన విషయాలు ఇవి.

హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా గురించి చాలామంది వినే ఉంటారు. తండ్రి బేకరీలో పనిచేసేవారు. సియాసత్ ఉర్దూ దినపత్రిక సంపాదకులు జాహిద్ అలీ ఖాన్ చేయూతతో ఆమె 2007లో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరారు. 2013లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ సాధించారు. కానీ లైసెన్స్ రాగానే ఉద్యోగం రాలేదు. విమానయాన సంస్థలో చేరాలంటే అక్కడ వాడే పెద్ద విమానంపై 'టైప్ రేటింగ్' అనే ప్రత్యేక శిక్షణ కావాలి. దానికి మళ్ళీ లక్షల్లో ఖర్చు. తెలంగాణ ప్రభుత్వం ఆర్థిక సహాయం అందించాకే ఆమెకు ఆ దారి తెరుచుకుంది. ఆ సహాయం అందకపోయి ఉంటే, అంతకుముందు పెట్టిన డబ్బు, పడిన శ్రమ మధ్యలోనే నిలిచిపోయేవి.

పైలట్ లైసెన్స్ ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. అభ్యర్థికి 18 ఏళ్ళు నిండాలి. వాతావరణ శాస్త్రం, నావిగేషన్, విమానయాన నియమాలు వంటి పరీక్షలు పాసవ్వాలి. మొత్తం 200 గంటలు విమానం నడపాలి. అందులో 100 గంటలు తానే బాధ్యుడిగా నడపాలి. వాటిలోనూ 15 గంటలు దరఖాస్తుకు ముందు 6 నెలల్లోపు నడిపినవై ఉండాలి. అంటే డబ్బు అందక శిక్షణ ఆగితే, తర్వాత ఆగిన చోటి నుంచి మొదలుపెట్టడం కుదరదు. కొన్ని గంటలు మళ్ళీ నడపాలి, దానికి మళ్ళీ కట్టాలి. లైసెన్స్ వరకే సుమారు 40 నుంచి 60 లక్షలు అవుతుంది. టైప్ రేటింగ్ ఖర్చు దీనికి అదనం.

రెండో దారి విమాన నిర్వహణ ఇంజనీర్, అంటే ఏఎంఈ. పని పూర్తయ్యాక, విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని లైసెన్స్ ఉన్న ఇంజనీర్ సంతకం చేయాలి. ఆ సంతకం లేనిదే విమానం కదలదు. ఇంజన్, యాంత్రిక భాగాలు చూసేవారికి బి1, ఎలక్ట్రానిక్ పరికరాలు చూసేవారికి బి2 లైసెన్స్ ఉంటుంది. ఇంటర్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు ఇందులో చేరవచ్చు. ఖర్చు పైలట్ శిక్షణలో చిన్న భాగమే. శంషాబాద్‌లో విమానాల మరమ్మతు కేంద్రం కూడా ఉంది. సిరిసిల్లలో మరమగ్గం చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పే ఇంటి పిల్లవాడికి ఈ పని దూరమేమీ కాదు.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. డీజీసీఏ ఆమోదం లేని సంస్థలు ఇచ్చే డిప్లొమా లైసెన్స్‌కు సమానం కాదు. ఫీజు కట్టే ముందే డీజీసీఏ ఆమోదించిన సంస్థల జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూడాలి. బ్రోచర్‌లోని ఫొటోలు చూసి చెక్కు రాయవద్దు.

దాతలకు మూడు సూచనలు. మొదటిది, పైలట్ కావాలనుకునే పిల్లలకు ముందుగా డీజీసీఏ గుర్తించిన వైద్యుల వద్ద పరీక్షలు చేయించండి. రంగులు గుర్తించడంలో లోపం వంటివి బయటపడితే అది మొదటి రోజే తెలియాలి, పొలం అమ్మాక కాదు. ఈ పరీక్షకయ్యేది కొద్ది మొత్తమే. రెండోది, మన విరాళాలు ఎక్కువగా రంజాన్‌లో వస్తాయి, ఫీజులు మాత్రం ఏడాది పొడవునా కట్టాలి. అందుకే ఒక విద్యార్థికి కావలసిన మొత్తాన్ని ముందే లెక్కగట్టి, విడిగా ఉంచి, విడతలుగా నేరుగా సంస్థకే చెల్లించాలి. మూడోది, పదిమందిని చేర్పించి మధ్యలో వదిలేయడం కంటే ఇద్దరిని చివరిదాకా చదివించడం మేలు.

పైలట్ ఖర్చు ఒక్కరు మోయగలిగేది కాదు. ప్రభుత్వ సహాయం, బ్యాంకు రుణం, కుటుంబం, దాతలు కలిస్తేనే సాధ్యం. ఏఎంఈ చదువు మాత్రం కొద్దిమంది దాతలు కలిస్తే పూర్తయ్యే పని. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి తన కొడుకు కోసమో కూతురు కోసమో మన ముందుకు వస్తే, ముందు ఈ రెండు దారులూ వివరంగా చెబుదాం. ఏ దారి ఎంచుకున్నా, లైసెన్స్ చేతికి వచ్చేదాకా తోడుంటామని మాటిద్దాం. ఇన్షా అల్లాహ్, ఆ మాట నిలబెట్టుకుందాం.