ఫోన్ కొంటున్నారా? 'హెచ్‌డీ' అనగానే సరిపోదు.. పీపీఐ ఎంతో ఇలా లెక్కేసుకోండి!

కొత్త ఫోన్ కొనేటప్పుడు ర్యామ్, కెమెరా, బ్యాటరీ గురించి అన్నీ ఆరా తీస్తాం. స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి 'పెద్ద డిస్‌ప్లే, హెచ్‌డీ ప్లస్' అంటే చాలు, ఓకే చెప్పేస్తాం. అయితే అక్షరాలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయనేది సైజును బట్టి ఉండదు. అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయన్నదే ముఖ్యం. దీన్నే పిక్సెల్ డెన్సిటీ లేదా పీపీఐ అంటారు.

ఎలా లెక్కించాలి?

రిజల్యూషన్, స్క్రీన్ సైజు తెలిస్తే చాలు. ఈ రెండూ కంపెనీ ఇచ్చే స్పెసిఫికేషన్స్‌లో ఉంటాయి. సైజు అంటే స్క్రీన్ ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న కొలత.

ఉదాహరణకు 6.5 అంగుళాల హెచ్‌డీ ప్లస్ ఫోన్ రిజల్యూషన్ 720×1600 అనుకుందాం. 720ని 720తో, 1600ని 1600తో గుణించి రెండూ కలపాలి. 30,78,400 వస్తుంది. దీని వర్గమూలం సుమారు 1,755. దాన్ని 6.5తో భాగిస్తే 270 పీపీఐ. అదే సైజులో 1080×2400 ఫుల్ హెచ్‌డీ ప్లస్ ఫోన్ అయితే 405 పీపీఐ వస్తుంది. రెండు స్క్రీన్లూ ఒకే సైజు.. స్పష్టతలో మాత్రం ఎంతో తేడా!

ఎంత ఉంటే మంచిది?

2010లో ఐఫోన్ 4ను 326 పీపీఐతో విడుదల చేసినప్పుడు స్టీవ్ జాబ్స్ ఓ లెక్క చెప్పారు. 10-12 అంగుళాల దూరం నుంచి చూస్తే, సుమారు 300 పీపీఐ దాటాక కంటికి పిక్సెల్స్ విడివిడిగా కనిపించవన్నది దాని సారాంశం. చూపును బట్టి ఇది కొంత మారొచ్చు. టీవీని దూరం నుంచి చూస్తాం కాబట్టి అంత అవసరం లేదు. 43 అంగుళాల 4కె టీవీకి ఉండేది దాదాపు 102 పీపీఐ మాత్రమే.

ఇక్కడ జాగ్రత్త!

కొన్ని యాప్స్ 'డెన్సిటీ' అంటూ 420, 480 లాంటి డీపీఐ అంకెలు చూపిస్తాయి. అది అక్షరాలు, ఐకాన్ల సైజు కోసం ఆండ్రాయిడ్ వాడే విలువ. స్క్రీన్ అసలు పీపీఐ అదే కావాలని లేదు.

లెక్కతో పాటు షాపులోనే మరో పరీక్ష చేయండి. డెమో ఫోన్‌లో ఓ తెలుగు వార్త తెరిచి, అక్షరాల సైజు తగ్గించి చూడండి. ఒత్తులు, గుణింతాలు అలికినట్టు కనిపిస్తే డబ్బు కట్టేముందు మరో మోడల్ కూడా చూడటం మంచిది.