పరుగంటే పడనివారికీ హాఫ్‌ మారథాన్‌ సాధ్యమే!
పదహారు వారాల సాధన.. నిదానమే ప్రధానం

విశాఖపట్నం: సాగరతీరాన తెల్లవారుజామున పరుగులు తీసేవారిని చూసి ‘మనవల్ల అయ్యే పని కాదులే’ అని పక్కకు తప్పుకునేవారే నగరంలో అధికం. బడి విడిచాక బస్సు కోసం తప్ప మరెన్నడూ పరుగెత్తని ఉద్యోగులు, గృహిణులు సైతం ఇటీవల మిత్రుల ఒత్తిడితోనో, వైద్యుల హెచ్చరికతోనో హాఫ్‌ మారథాన్‌కు పేరు నమోదు చేసుకుంటున్నారు. తూర్పు నౌకాదళం ఆధ్వర్యంలో సాధారణంగా నవంబరు, డిసెంబరు మాసాల్లో జరిగే వైజాగ్‌ నేవీ మారథాన్‌లోనూ ఈ విభాగం ఉంది. పేరు ఇచ్చినంత తేలిక కాదు పరుగు. సరైన క్రమంలో సాధన చేస్తే అసాధ్యమూ కాదు.

దూరం ఎంత?

పూర్తి మారథాన్‌ 42.195 కిలోమీటర్లు. 1908 లండన్‌ ఒలింపిక్స్‌లో తొలిసారి పరుగెత్తిన ఈ దూరం తరువాత ప్రామాణికమైంది. అందులో సగం, అంటే సుమారు 21.1 కిలోమీటర్లు హాఫ్‌ మారథాన్‌. విశాఖవాసులకు అర్థమయ్యేలా చెప్పాలంటే, రామకృష్ణా బీచ్‌ నుంచి బయలుదేరి తీరం వెంబడి దాదాపు భీమిలి సమీపానికి చేరుకోవడమన్నమాట. కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున సాగితే 2 గంటల 49 నిమిషాలు పడుతుంది. నిర్వాహకులు విధించే గడువును ముందుగానే తెలుసుకోవడం అవసరం.

మొదటి అడుగు నడకే

కొత్తవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఆరంభశూరత్వమే. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే శ్రమకు అలవాటుపడతాయి. ఎముకలు, కీళ్లను పట్టి ఉంచే కండరాలకు, స్నాయువులకు మాత్రం నెలలు కావాలి. ఆయాసం తగ్గిందన్న ధీమాతో దూరం పెంచినవారికి పిక్కల నొప్పులు, మడమ నొప్పులు వచ్చేది ఇందుకే.

తొలి నాలుగు వారాలు రోజు విడిచి రోజు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున అరగంట చాలు. పక్కనున్నవారితో మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. అయిదో వారం నుంచి ఆదివారాల్లో దూరాన్ని ఆరు కిలోమీటర్లతో ప్రారంభించి, వారానికి కిలోమీటరు, కిలోమీటరున్నర చొప్పున పెంచాలి. ప్రతి నాలుగో వారం కొంత తగ్గించి దేహానికి విశ్రాంతినివ్వాలి. పద్నాలుగో వారానికి 16 కిలోమీటర్లు దాటగలిగితే పోటీకి సిద్ధమైనట్లే. చివరి రెండు వారాలు సాధన తగ్గించాలి. నడుస్తూ, పరుగెత్తుతూ సాగే పద్ధతిని పోటీ రోజునా అనుసరించవచ్చు. అమెరికా ఒలింపియన్‌ జెఫ్‌ గాలోవే దీనికి విస్తృత ప్రచారం కల్పించారు.

ఉక్కపోతతో జాగ్రత్త

డిసెంబరు పోటీకి సాధన ఆగస్టులోనే మొదలవుతుంది. ఆ రోజుల్లో తీరంలో గాలిలో తేమ అధికం. చెమట పడుతుందే తప్ప ఆరదు. దీంతో ఒంటి వేడి తగ్గక త్వరగా అలసట వస్తుంది. సూర్యోదయానికి ముందే పరుగు ముగించడం, వేగం తగ్గించుకోవడం మేలు. దాహానికి తగినంతే నీరు తాగాలి. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. సుదీర్ఘ పరుగుల్లో ఉప్పు కలిసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్‌ ఉపకరిస్తాయి.

ఇసుకలో పరుగు ఆహ్లాదంగా కనిపించినా ఏటవాలు తీరం మడమలకు భారం. కుర్సురా జలాంతర్గామి ముందున్న రహదారి వంటి చదునైన చోట ఆరంభించి, తెన్నేటి పార్కు దాటాక వచ్చే ఎత్తుపల్లాలను తరువాత అలవాటు చేసుకోవాలి. బూట్లను సాయంత్రం వేళ కొనడం మంచిది. అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి కనుక సరైన కొలత తెలుస్తుంది.

మోకాళ్లు అరుగుతాయా?

పెద్దలు తరచూ వ్యక్తం చేసే భయమిది. పలు అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ప్రచురితమైన ఒక పరిశీలన ప్రకారం తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల వ్యాయామం లేనివారిలో 10.2 శాతం, సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం మాత్రమే. పోటీ క్రీడాకారుల్లో ఇది 13.3 శాతం. మితం మేలు చేస్తుందన్నది సారాంశం. ఇప్పటికే మోకాళ్ల నొప్పులున్నవారు మాత్రం వైద్యుని సలహా లేకుండా దిగరాదు.

పంతం వద్దు

నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, కుటుంబంలో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు ముందుగా వైద్యపరీక్షలు చేయించుకోవాలి. ఇన్సులిన్‌ తీసుకునేవారికి పరుగు మధ్యలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నందున గ్లూకోజ్‌ వెంట ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, అసాధారణమైన ఆయాసం కనిపిస్తే తక్షణం ఆగి వైద్యసాయం పొందాలి. నలుగురూ నవ్వుతారని నొప్పిని దాచి ముందుకు సాగడమే అసలైన ముప్పు.

పోటీలో ఎవరిని దాటామన్నది కొత్తవారికి అప్రస్తుతం. ఏళ్ల తరబడి వాహనంలో వెళ్లిన దారినే కాలినడకన, పరుగున కొలిచినప్పుడు నగరం కొత్తగా కనిపిస్తుంది. కైలాసగిరి నీడన సాగే ఆ దారిలో పదహారు వారాలపాటు క్రమం తప్పక వేకువనే లేచే అలవాటు పతకం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.