గరికకూ మన ముక్కుకూ గొడవేంటి?

వానలు పడి గ్రౌండ్ పచ్చబడగానే మా హాస్టల్ కారిడార్‌లో తుమ్ముల మోత మొదలవుతుంది. ఎవర్ని అడిగినా "వెదర్ మారింది కదా, జలుబు" అంటారు. నాది జలుబు కాదని ఇంటర్‌లోనే డాక్టరుగారు తేల్చేశారు: గడ్డి పుప్పొడి అలర్జీ. మూడేళ్లుగా ఈ క్యాంపస్ గడ్డితోనే కాపురం కాబట్టి, తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

పూలు కాదు, గడ్డి

అలర్జీ అనగానే అందరూ పూలమొక్కల్ని అనుమానిస్తారు. పాపం, రంగూ వాసనా ఉన్న పూలకి పుప్పొడి మోయడానికి తేనెటీగలున్నాయి. వాటి పుప్పొడి జిగటగా ఉంటుంది, గాల్లో పెద్దగా ఎగరదు. గడ్డి మాత్రం గాలినే నమ్ముకుంది. ఏ రేణువు ఎక్కడ పడుతుందో తెలీదు కనుక లెక్కలేనంత వదులుతుంది. వినాయకుడికి పెట్టే గరికనే చూడండి. కొసన పిట్ట కాలివేళ్లలా నాలుగైదు సన్నటి కంకులు విచ్చుకుని ఉంటాయి. అదే దాని పూత. ఒక్కో పుప్పొడి రేణువు సుమారు 30 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు.

ఆ రేణువు ముక్కులోని తడిపొర మీద పడగానే దానిలోని ప్రొటీన్లు బయటికొస్తాయి. చాలామంది శరీరం వాటిని పట్టించుకోదు. మాలాంటివాళ్ల శరీరం మాత్రం వాటిని శత్రువులనుకుని, ఐజీఈ అనే యాంటీబాడీల్ని తయారుచేసి మాస్ట్ కణాలకి తగిలించి ఉంచుకుంటుంది. మళ్లీ అదే ప్రొటీన్ రాగానే ఆ కణాలు హిస్టమిన్ వదులుతాయి. ఇక తుమ్ములు, దురద, కళ్లవెంట నీళ్లు. అగరొత్తి పొగకి ఫైర్ అలారం మోగినట్టన్నమాట.

ఈ సంగతి తేల్చింది మాంచెస్టర్ డాక్టరు చార్లెస్ బ్లాక్‌లీ. ఆయనకీ ఇదే బాధ. గడ్డి పుప్పొడిని తన ముక్కులో, గీరిన చర్మం మీద పెట్టుకుని చూశాడు. జిగురు పూసిన గాజు పలకల్ని గాలిపటాలతో పైకి పంపి, గాల్లో పుప్పొడి ఎంతుందో లెక్కపెట్టాడు. 1873లో అదంతా పుస్తకంగా వేశాడు.

జలుబా, అలర్జీయా?

- జలుబు వారం, పది రోజుల్లో సర్దుకుంటుంది. ఇది గడ్డి పూసినన్నాళ్లూ వదలదు.
- జలుబుకి ఒళ్లునొప్పులు, ఒక్కోసారి జ్వరం ఉంటాయి. దీనికి జ్వరం రాదు.
- ముక్కు, కళ్లు, అంగిలి దురదపెడితే అలర్జీనే ముందు అనుమానించాలి. తుమ్ములు వరసపెట్టి వస్తాయి, ముక్కు నీళ్లలా కారుతుంది.
- ఏటా అదే సీజన్‌లో, అవే చోట్ల వస్తుంది.

సీజన్‌తో పనిలేకుండా రోజూ నిద్రలేవగానే తుమ్ములొస్తుంటే పరుపులోని డస్ట్ మైట్స్ కారణం కావచ్చు. ఒక రెండు వారాలు ఫోన్‌లో రాసిపెట్టుకోండి: ఏ టైములో, ఎక్కడ, ఏం చేస్తుండగా. డాక్టరుకి అది చాలా పనికొస్తుంది. అవసరమైతే స్కిన్ ప్రిక్ టెస్ట్ చేస్తారు. 20 నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. దానికి ముందు అలర్జీ మాత్రలు ఎన్ని రోజులు ఆపాలో అడిగి తెలుసుకోండి.

ఏం చేయాలి?

గడ్డి కోస్తున్నప్పుడు ఆ చుట్టుపక్కలకి వెళ్లొద్దు. పూతకి రాకముందే కోసే లాన్‌తో బాధ తక్కువ. కాంపౌండ్ గోడ పక్కన కంకులేసి ఊగే గడ్డే అసలు శత్రువు. ఆట నుంచి రాగానే ఆ బట్టలతో మంచమెక్కకుండా తలస్నానం చేయండి. బెడ్‌షీట్లు, తువ్వాళ్లు గడ్డిమీద ఆరేయొద్దు. బైక్ మీద వెళ్లేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. ఉప్పునీళ్లతో ముక్కు కడిగితే హాయిగా ఉంటుంది కానీ, మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి.

మందుల విషయంలో డాక్టరు మాటే ఫైనల్. క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న పాతరకం జలుబు మాత్ర వేసుకుని మిడ్స్‌కి వెళ్తే ప్రశ్నపత్రం మీదే నిద్రొస్తుంది. సెట్రిజిన్ కూడా కొందరికి మగత తెస్తుంది. ఫెక్సోఫెనడిన్‌తో ఆ బెడద తక్కువ, కానీ దాన్ని పళ్లరసంతో కాకుండా నీళ్లతో వేసుకోవాలి. స్టెరాయిడ్ ముక్కు స్ప్రే పేరు విని భయపడొద్దు. రోజూ వాడితే కొన్ని రోజులకి బాగా పనిచేస్తుంది. ముక్కు మధ్య గోడకి తగలకుండా, కాస్త చెవివైపు తిప్పి కొట్టాలి. చిటికెలో ముక్కు తెరిచే చుక్కల మందుని మాత్రం నాలుగైదు రోజులు మించి వాడితే దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది.

దీన్ని మాత్రం వదిలేయొద్దు

పిల్లికూతలు, ఛాతీ బిగుసుకోవడం, రాత్రి దగ్గు ఉంటే ఉబ్బసం ఉందేమో చూపించుకోవాలి. ఊపిరందక మాట్లాడలేకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. 2016 నవంబర్ 21న మెల్‌బోర్న్‌లో ఉరుముల వాన వచ్చినప్పుడు రై గడ్డి పుప్పొడి రేణువులు పగిలి, ఊపిరితిత్తుల్లోకి దిగేంత సన్నటి ముక్కలయ్యాయి. వేలమంది ఆస్పత్రులకి పరిగెత్తారు. పదిమంది చనిపోయారు. అంతకుముందు తమకి ఉబ్బసం ఉందని తెలియనివాళ్లు, ఉత్త తుమ్ములే కదా అనుకున్నవాళ్లు కూడా బాధితుల్లో ఉన్నారు.

కాబట్టి పక్క బెంచీవాడు వరసగా తుమ్ముతుంటే శకునం బాలేదని నవ్వేముందు ఒక్కమాట అడగండి: "కళ్లు కూడా దురదపెడుతున్నాయా? ఊపిరి బాగానే ఆడుతోందా?"