పైథాన్‌లో ‘-యు’ మీట కథ

టెర్మినల్‌లో నడిపినప్పుడు పైథాన్ ప్రోగ్రాము లైను తర్వాత లైను చకచకా చూపిస్తుంది. అదే ఫలితాన్ని ఫైలులోకి మళ్లించండి, ఆ ఫైలు చాలాసేపు ఖాళీగానే కనిపిస్తుంది. హ్యాంగయిందేమో అనిపిస్తుంది గానీ ప్రోగ్రాము పని చేస్తూనే ఉంటుంది. సీట్లు నిండేదాకా కదలని షేర్ ఆటోలా, రాయాల్సింది బఫర్ అనే తాత్కాలిక నిల్వలో పోగయ్యేదాకా ఆగుతుంది. చాలా వెర్షన్లలో ఆ బఫర్ సాధారణంగా 8192 బైట్లు.

ఆగడానికి కారణం ఉంది. రాసిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను అడగాలి, ఆ సిస్టమ్ కాల్‌కి సమయం పడుతుంది. ఒక్కో అక్షరానికీ అడిగే కన్నా పోగేసి ఒకేసారి ఇవ్వడం చౌక. బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ 1970లలో రాసిన లైబ్రరీ నుంచి ఎదిగిన సీ లైబ్రరీ ‘ఎస్‌టీడీఐఓ’, 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో అందరికీ చేరింది. దాని పద్ధతి తెలివైనది: అవతల టెర్మినల్ ఉంటే మనిషి చూస్తున్నాడని లెక్క, లైను పూర్తవగానే పంపు, ఫైలో పైపో అయితే బఫర్ నిండాక పంపు. దోష సందేశాల దారి ఎస్‌టీడీఈఆర్ఆర్‌ను మాత్రం అసలు ఆపకు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐలో పనిచేస్తూ గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్, సీ భాషలో రాసిందే. ఆ అలవాటు దానికీ వచ్చింది. వద్దనుకునే వాళ్ల కోసం కమాండ్ లైనులో ‘-యు’ (అన్‌బఫర్డ్, అంటే బఫర్ లేకుండా) అనే మీట పెట్టారు.

పైథాన్ 2 మాన్యువల్ దాన్ని ధీమాగానే వర్ణించింది: ఇన్‌పుట్, అవుట్‌పుట్, దోషాలు మూడింటికీ బఫర్ ఉండదని. వెంటనే ఒక హెచ్చరిక. ఇన్‌పుట్‌ను ఫర్ లూప్‌తో చదివితే ఆ లూపు లోపలే ఇంకో బఫర్ ఉంది, ‘-యు’ దాన్ని తాకదు, వైల్ లూప్‌లో రీడ్‌లైన్ వాడుకోండి అని. నా దృష్టిలో ఆ మాన్యువల్‌లో అంత నిజాయితీ గల వాక్యాలు తక్కువ.

2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 సీ లైబ్రరీని వదిలి, సొంతంగా మూడు అంచెలు కట్టుకుంది: అడుగున ముడి ఫైలు, మధ్యలో బైట్ల బఫర్, పైన టెక్స్ట్. అప్పుడు ‘-యు’ మధ్య అంచెనే తీసేసేది. టెక్స్ట్ అంచె లైను చివరిదాకా పట్టుకునే ఉండేది. పని ఎంతయిందో ఒక్కో చుక్కగా చూపించే ప్రోగ్రాములో, కొత్త లైను వచ్చేదాకా చుక్కలు కనబడేవి కావు. 2018 జూన్‌లో 3.7 వచ్చాకే ఆ పేరుకి తగ్గ పని మొదలైంది. ఇన్‌పుట్ మీద ప్రభావమే లేదని నేటి డాక్యుమెంటేషన్ సూటిగా ఒప్పుకుంటుంది. మరో విచిత్రం: 3.9 దాకా, ఫైలులోకి మళ్లించిన దోష సందేశాలు కూడా బఫర్ నిండేదాకా ఆగేవి! ప్రోగ్రామును బలవంతంగా చంపితే, కారణం చెప్పాల్సిన చివరి లైన్లు దానితోపాటే పోయేవి.

ఇప్పుడు ఈ మీట ఎక్కువగా కనిపించేది డాకర్ ఫైళ్లలో, ‘పైథాన్‌అన్‌బఫర్డ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ రూపంలో. లాగ్‌లు ఎప్పటికప్పుడు కనబడాలంటే అది మంచిదే. లక్షల లైన్లు రాసే ప్రోగ్రాముకు పెడితే మాత్రం వేగం పడిపోతుంది, అక్కడ ప్రింట్ ఫంక్షన్‌లో 3.3 నుంచి ఉన్న ‘ఫ్లష్’ ఆప్షన్‌ను అవసరమైన చోట వాడుకోవడమే మేలు.

పైపు అవతల ఉన్న ప్రోగ్రాము సంగతి వేరు. దాని మీద ‘-యు’కి అధికారం లేదు, ఉదాహరణకు లైన్లు వెతికే గ్రెప్‌కి ‘లైన్-బఫర్డ్’ ఆప్షన్ విడిగా ఇవ్వాలి. గ్నూ వాళ్ల ‘ఎస్‌టీడీబఫ్’ చాలా ప్రోగ్రాముల బఫర్‌ను బయటి నుంచే మార్చగలదు. అయితే అది మార్చేది సీ లైబ్రరీ బఫర్‌ను. పైథాన్ 3 ప్రింట్ ఆ లైబ్రరీ గుండా వెళ్లదు కాబట్టి దాని మీద పనిచేయదు.