ఆర్కెస్ట్రాలో చేరవచ్చేవారి నుంచి ఏమి ఆశించాలి?

మాఘం మొదలుకొని వైశాఖం వరకు సాగే వివాహ ముహూర్తాలు, శ్రావణంలో మళ్లీ మొదలయ్యే శుభకార్యాలు, ఆ వెంటనే వచ్చే వినాయక చవితి పందిళ్లు, దసరా వేదికలు సరిహద్దు జిల్లాల పాటకచ్చేరి బృందాలకు జీవనాధారం. హోసూరు, కోలారు, బళ్లారి, బరంపురం వంటి పట్టణాలలో ‘ఆర్కెస్ట్రా’ అని జనం పిలుచుకునే ఈ బృందాలకు కార్యక్రమాలు లేని ఆషాఢమాసం ఒక విధంగా విశ్రాంతి కాలం, మరొక విధంగా పరీక్షాకాలం. వెళ్లిపోయిన తబలా వాద్యకారుని స్థానంలో మరొకరిని, వివాహమై వేరే ఊరు చేరిన గాయని స్థానంలో వేరొకరిని వెదుకుకోవలసినది అప్పుడే.

ఈ ఎంపికలో పొరపాటు జరిగితే నష్టం చిన్నది కాదు. శ్రావణానికి బయానా పుచ్చుకున్న తేదీలు ముందే ఉంటాయి. వధూవరుల కుటుంబాలకు అది జీవితంలో ఒక్కసారి వచ్చే వేడుక. అక్కడ పాట తప్పితే ఆ ఊరిలో ఆ బృందానికి మరుసటి ఏడు పిలుపు రావడం కష్టం. ఆ పిలుపుల మీదనే అనేక ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. అందువలన ‘ఒక పాట పాడించి చూద్దాం’ అన్న తేలిక ధోరణిని విడిచి, రాబోయే వ్యక్తి నుంచి ఏమి ఆశించాలో బృందం ముందుగానే నిర్ణయించుకోవడం మేలు. ఒక్క మాటలో చెప్పాలంటే, బృందానికి కావలసినది అందరికంటె గొప్ప విద్వాంసుడు కాదు, పదిమందితో కలిసి వాయించగలిగినవాడు. పరీక్ష ఆ గుణాన్ని బయటపెట్టే విధంగా ఉండాలి.

ముందు చెప్పవలసినది బృందమే

అభ్యర్థి సిద్ధపడి రావాలని ఆశించే బృందం, దేనికి సిద్ధపడాలో అతనికి ముందు తెలియజేయాలి. పాశ్చాత్య సింఫనీ వాద్యబృందాలలో పరీక్షకు వచ్చేవారికి ఏయే రచనలలో ఏయే భాగాలు వాయించవలసి ఉంటుందో ముందే జాబితా అందజేసే ఆచారం ఉన్నది. ఆ పద్ధతి మన బృందాలకూ పనికివస్తుంది. కనీసం పది రోజుల ముందు ఐదు పాటల పేర్లు, ఒక్కొక్క పాటను బృందం ఏ శ్రుతిలో వినిపిస్తుందో ఆ వివరం, పరీక్ష జరిగే స్థలం, సమయం తెలియజేయాలి. ఐదింటిలో ఒక భక్తిగీతం, ఒక పాతకాలపు యుగళగీతం, ఒక వేగమైన నృత్యగీతం, ఒక ఇరుగుపొరుగు భాషా గీతం ఉంటే వేదికపై జరిగేదంతా దాదాపు అందులో ఇమిడినట్లే.

ఇంత సమాచారం ఇచ్చిన తరువాత కూడా అభ్యర్థి పాట సాహిత్యం చూసుకోకుండా, చరణానికి ముందు వచ్చే వాద్యసంగీతం ఎంతసేపు ఉంటుందో తెలియకుండా వచ్చినట్లయితే అది ప్రతిభకు సంబంధించిన లోపం కాదు, శ్రద్ధకు సంబంధించినది. ప్రతిభ సాధనతో పెరుగుతుంది. శ్రద్ధను బృందం నేర్పజాలదు. ఇతర పాటలు బాగా పాడినా ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

శ్రుతి జ్ఞానం

హార్మోనియం మెట్లను అనుసరించి తెల్లమెట్లను ఒకటి మొదలు ఏడు వరకు, నల్లమెట్లను ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర అని లెక్కించడం దక్షిణాది కళాకారులకు అలవాటు. పురుషుల గాత్రం సాధారణంగా ఒకటి, ఒకటిన్నర ప్రాంతంలోను, స్త్రీల గాత్రం ఐదు, ఐదున్నర ప్రాంతంలోను సుఖంగా పలుకుతుంది. అయితే యుగళగీతంలో ఇద్దరూ ఒకే శ్రుతికి కట్టుబడవలసి వస్తుంది. కాబట్టి గాయకుడైనా, గాయని అయినా తన శ్రుతి ఏదో స్పష్టంగా చెప్పగలగాలి. అర మెట్టు పైకో, కిందికో జరిపినప్పుడు గొంతు ఎక్కడ ఇబ్బంది పడుతుందో కూడా తెలిసి ఉండాలి. ‘మీరు ఏ శ్రుతి ఇచ్చినా సరే’ అన్న సమాధానం వినయంగా వినిపించినప్పటికీ, అనుభవం చాలదనడానికి అది సూచన కావచ్చు.

వాద్యకారులకూ ఇదే వర్తిస్తుంది. ఒక కుడి తబలాను సుత్తితో బిగించి, వదులు చేసి మార్చగలిగిన శ్రుతి పరిమితమైనది. అందుచేతనే అనుభవజ్ఞులు వేర్వేరు శ్రుతులకు రెండు మూడు తబలాలు వెంట ఉంచుకుంటారు. వేణువాద్యకారుడు శ్రుతికొక వేణువు చొప్పున సంచినిండా తెచ్చుకోవడం తెలిసినదే. కీబోర్డులో ఒక మీట నొక్కగానే శ్రుతి మారుతుంది. కాని పాట ముగిసిన వెంటనే దానిని యథాస్థానానికి తేవడం మరచినవారు తరువాతి పాటను మొత్తంగా తప్పు శ్రుతిలో మొదలుపెడతారు. పరీక్షలో రెండు పాటలను వెంటవెంటనే వేర్వేరు శ్రుతులలో వాయించమని అడిగితే ఈ అలవాటు ఉన్నదీ లేనిదీ నిమిషంలో తేలిపోతుంది.

లయ, దానిని మించి వినికిడి

తాళం తప్పకూడదన్నది అందరూ చెప్పే మాట. దాద్రా ఆరు మాత్రలు, కెహర్వా ఎనిమిది మాత్రలు అన్న లెక్క ప్రతి తబలా విద్యార్థికీ తెలుసు. వేదికపై వచ్చే చిక్కు వేరు. గాయకుడు చరణం పూర్తి చేసి పల్లవికి రావలసినచోట ఒక ఆవృతం ముందుగానే వచ్చేస్తాడు. పుస్తకం ప్రకారం వాయించేవాడు తన లెక్క పట్టుకొని కూర్చుంటే పాట రెండుగా చీలిపోతుంది. చెవి అప్పగించినవాడు మరుక్షణమే గాయకుని కలుసుకుంటాడు. శ్రోతలకు పొరపాటు జరిగినట్లే తెలియదు.

ఈ గుణాన్ని పరీక్షించడానికి ఒక సులువైన ఉపాయం కలదు. నాలుగవ పాటలో బృందంలోని గాయకుడే కావాలని ఒక చరణం వదలి నేరుగా పల్లవి అందుకోవాలి. అభ్యర్థి ఏమి చేస్తాడో గమనించాలి. ఆగిపోయి ‘తప్పు పాడారు’ అని చూసేవాడు ఒక రకం. చిరునవ్వుతో వెంట వచ్చేవాడు మరొక రకం. బృందం వెదుకుతున్నది రెండవ రకం వ్యక్తినే. అదేవిధంగా ‘ఈ చరణంలో మీరు సగం ధ్వనికి తగ్గించి వాయించండి’ అని కోరాలి. తగ్గించమన్నప్పుడు వేగం కూడా తగ్గిపోతే లయ ఇంకా స్థిరపడలేదని అర్థం. తగ్గించడానికే మనసొప్పని వ్యక్తి ఎంత చక్కగా వాయించినా రేపు గాయని గొంతును మింగివేస్తాడు.

సరిహద్దు వేదికకు నాలుగు భాషలు

హోసూరులో ఒక తెలుగు వారి పెళ్లి అంటే పందిట్లో తమిళ, కన్నడ బంధుమిత్రులు కూడా ఉంటారు. బరంపురంలో ఒడియా పాట, హిందీ పాట లేని కచ్చేరిని ఊహించలేము. కాబట్టి ఇక్కడి గాయకునికి మాతృభాషా గీతాలు మాత్రమే వస్తే చాలదు. అయితే అన్ని భాషలూ మాట్లాడగలగాలని కోరడం అత్యాశ. ఉచ్చారణను సవరించుకొనే ఓపిక ఉన్నదా అన్నది చూడవలసిన విషయం.

పొరుగుభాషా గీతాన్ని తెలుగు లిపిలో రాసుకొని పాడేవారికి కొన్ని చిక్కులు ఎదురవుతాయి. తమిళానికి ప్రత్యేకమైన ‘ఴ’ ధ్వనికి నేటి వాడుక తెలుగులో అక్షరం లేదు. దానిని ‘ళ’గా రాసుకుంటే పాటలోనూ అదే పలుకుతుంది. ఒడియా ‘అ’కారం మన ‘అ’ వలె కాక పెదవులు గుండ్రంగా చేసి ‘ఒ’కు దగ్గరగా పలికేది. కన్నడ మాతృభాషగా గలవారు తెలుగు పాట పాడేటప్పుడు ‘చాలు’ అన్న మాటలోని దంత్య చకారం తాలవ్యంగా మారిపోవడం తరచుగా వినిపిస్తుంది. పరీక్షలో ఇటువంటి ఒక దోషాన్ని మర్యాదగా సూచించి, అదే పంక్తిని మళ్లీ పాడమని అడగాలి. రెండవసారి సరిచేసుకున్న గాయకుడు, మొదటిసారే సరిగా పాడిన గాయకునితో సమానంగా విలువైనవాడు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తెలుగు, హిందీ, కన్నడ, తమిళ గీతాలకు జాతీయ పురస్కారాలు అందుకోగలిగారంటే, ఆ భాషల వారు ఆయనను తమవానిగా భావించారంటే, అందుకు గాత్రం ఎంత కారణమో ఉచ్చారణపై శ్రద్ధ అంత కారణం.

కాలనియమం

శబ్దకాలుష్యంపై 2000లో వెలువడిన కేంద్ర నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో ధ్వనివర్ధకాలు వాడరాదు. పండుగ సందర్భాలలో ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉన్నది. దీనివలన ఆరుబయట కచ్చేరికి చేతిలో ఉండేది ఏడు నుంచి పది గంటల వరకు మూడు గంటలు మాత్రమే. ఇరవై పాటల మధ్య రెండేసి నిమిషాలు శ్రుతి చూసుకోవడానికి పోతే నలభై నిమిషాలు వృథా అయినట్లే.

అందువలన పరీక్షకు చెప్పిన వేళకు రావడం, వాద్యాన్ని ముందే సిద్ధం చేసుకోవడం, తీగలు, సుత్తి, విద్యుత్ తీగ వంటివి తానే తెచ్చుకోవడం చిన్న విషయాలు కావు. ఆలస్యం కాక తప్పని పరిస్థితిలో ముందుగా ఫోను చేసి చెప్పినవారిని తప్పుపట్టరాదు. కబురైనా లేకుండా గంట ఆలస్యంగా వచ్చినవారు పెళ్లి రోజున సకాలంలో వస్తారని నమ్మడానికి ఆధారం ఉండదు.

ఆశించకూడనివి

బృందాలు అడగకూడనివి కూడా కొన్ని ఉన్నవి. రాసిన స్వరలిపి చూసి వెంటనే వాయించడం చక్కని విద్యే. కాని వినికిడితో నేర్చుకున్న కళాకారులలో ఎందరో సమర్థులు ఉన్నారు. లిపి రాదన్న కారణంతో వారిని తిరస్కరించడం బృందానికే నష్టం. పరీక్ష పేరుతో పూర్తి కార్యక్రమం ఉచితంగా వాయింపజేసుకోవడం న్యాయం కాదు. వేదికపై చూడాలనుకుంటే ఆ రోజుకు తగిన పారితోషికం, దారి ఖర్చులు చెల్లించాలి.

అభ్యర్థి పారితోషికం గురించి, రిహార్సళ్ల గురించి, కార్యక్రమం రద్దయితే బయానా సంగతి గురించి ప్రశ్నిస్తే దానిని దురాశగా భావించరాదు. స్పష్టంగా అడిగేవారితో తరువాత తగాదాలు తక్కువ. ముఖ్యంగా గాయనులు రాత్రి కార్యక్రమం ముగిసిన తరువాత ఇంటికి చేరే ఏర్పాటు ఏమిటని అడగక ముందే బృందం చెప్పవలెను. పరీక్షకు వారు ఇంటివారిని తోడు తెచ్చుకున్నా ఆహ్వానించడమే సంస్కారం.

చేరినవారు ఎల్లకాలం ఉంటారని ఆశించడం కూడా సరికాదు. చలనచిత్రరంగంలో స్థిరపడుతున్న తొలినాళ్లలో బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో నడిపిన లలితసంగీత బృందంలో ఇళయరాజా, గంగై అమరన్ వాద్యకారులుగా ఉండేవారు. 1976లో ‘అన్నక్కిళి’తో ఇళయరాజా సంగీతదర్శకుడైనారు. మంచి వాద్యకారుడు ఎదగడం సహజం. విడిచి వెళ్లదలచినప్పుడు ఒప్పుకున్న తేదీలు పూర్తిచేసి, నెల ముందు తెలియజేస్తానన్న మాట తీసుకుంటే చాలు.

నిర్ణయం

పరిచయస్తుల సిఫారసు, బంధుత్వం, కులం, వేషభాషలు చెవికి అడ్డుపడకుండా చూసుకోవడం నిర్ణేతల బాధ్యత. 1970, 80 దశకాలలో అమెరికాలోని పలు సింఫనీ వాద్యబృందాలు అభ్యర్థిని తెర వెనుక ఉంచి వినే పద్ధతిని చేపట్టినవి. వాయించేవారు ఎవరో తెలియకపోతే మిగిలేది వాద్యమొక్కటే. మన బృందాలు కూడా పాటలను ఫోనులో నమోదు చేసి, పేర్లు చెప్పకుండా మిగిలిన సభ్యులకు వినిపిస్తే అభిప్రాయాలు నిష్పక్షపాతంగా వస్తాయి. కలుపుగోలుతనం, సమయపాలన వంటివి ఎదురుగా చూసినవారు చెప్పవచ్చు.

ఎంపికైనవారికి తొలి మూడు కార్యక్రమాలు పరిశీలన కాలమని ముందే చెప్పడం ఇరువురికీ శ్రేయస్కరం. ఎంపిక కానివారికి వారం లోపల ఆ మాట తెలియజేయాలి. ‘చూసి చెబుతాం’ అని నెలల తరబడి నిరీక్షింపజేస్తే ఆ కళాకారుడు ఇతర అవకాశాలు కోల్పోతాడు. లోపం ఏమిటో ఒక వాక్యంలో చెప్పి పంపితే దానిని సరిదిద్దుకొని మరుసటి ఆషాఢంలో మళ్లీ రావచ్చు. శ్రావణం మధ్యలో ఎవరో ఒకరు జ్వరపడినప్పుడు బృందానికి మొదట గుర్తుకు వచ్చేది, పిలిస్తే ఆనందంగా వచ్చేది కూడా, మర్యాదగా సాగనంపిన అటువంటి కళాకారుడే.